సిస్టర్, కాస్త ఈ ఫారం నింపుతారా?

ఐసీయూ సిస్టర్లకు ఇంకో సర్వే వచ్చింది. నర్సింగ్ స్టేషన్ గోడకు క్యూఆర్ కోడ్ అంటించారు. ఫోన్ చూపిస్తే చాలట, పది నిమిషాల్లో అయిపోతుందట. కోయంబత్తూరులోనూ మదురైలోనూ ఈ పది నిమిషాలకు ఇప్పుడు మహా గిరాకీ. ఒత్తిడి మీద ఒకటి, ఉద్యోగ సంతృప్తి మీద ఒకటి, అలసట మీదైతే మాస్లాక్, జాక్సన్ అనే పరిశోధకులు 1981లో ప్రకటించిన 22 ప్రశ్నల పట్టిక. నైట్ డ్యూటీలో వెంటిలేటర్ రోగికి గంటగంటకూ బీపీ, మూత్రం, మిషన్ అంకెలు చార్టులో ఎక్కాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కఫం సక్షన్ చేయాలి. మందు పంపు కూత పెడితే పరుగెత్తాలి. ఈ సందులోనే సిస్టర్ తాను ఎంత అలిసిపోయిందో సున్నా నుంచి ఆరు దాకా ఒక అంకె ఎంచుకుని చెప్పాలి.

అన్నిటికన్నా ముచ్చటైనది ‘పరిజ్ఞానం’ సర్వే. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లకు అది ఇలవేల్పు. వెంటిలేటర్ వల్ల వచ్చే న్యుమోనియా గురించి ఐసీయూ నర్సులకు ఏపాటి తెలుసో ముందు ఒక పరీక్ష. తర్వాత ముప్పావుగంట పాఠం. మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి, పెరగక ఏం చేస్తాయి? దాన్ని ‘బోధన ఫలించింది’ అని గణాంకశాస్త్రం సాక్షిగా ప్రకటిస్తారు. అంతటితో వదలరు. సిస్టర్ వయసు, మతం, పెళ్లయిందా లేదా, ఉమ్మడి కుటుంబమా వేరు కాపురమా అన్నీ రాసుకుని, వీటికీ న్యుమోనియా పరిజ్ఞానానికీ సంబంధముందేమోనని కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష వేస్తారు. లేదని తేలుతుంది. లేదన్నదానికీ ఒక పట్టిక, ఆ పట్టికకో రంగుల పటం. ఇదే అధ్యయనం మరింత మందిపై జరపాలన్న సిఫార్సుతో బైండింగు పూర్తి.

మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలని ఆ సిస్టర్‌కు పాఠానికి ముందూ తెలుసు. ఇద్దరు వెంటిలేటర్ రోగులను చూస్తుండగా మూడో మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొస్తే, కిందికి జారిపోయిన మొదటి రోగిని పైకి లాగి పడుకోబెట్టే చెయ్యి ఎవరిది? మతం అడిగిన ఫారం ఆ మాట అడగదు. నిన్న రాత్రి మీ చేతిలో ఎంతమంది రోగులున్నారన్న గడే అందులో ఉండదు. ఇది మరుపు కాదు, మర్యాద. ఆ గడి ఉంటే ఆసుపత్రి అనుమతి దొరకదేమోనన్న భయం. లోపం మంచాల లెక్కలో ఉంటే దాన్ని తీసుకెళ్లి సిస్టర్ బుర్రలో పెట్టడం పరిశోధన కాదు, అన్యాయం. ఐసీయూలో రోగికో నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతోంది. యాభై మంచాల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు నెల జీతం 20,000 రూపాయలకు తగ్గకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై వేసిన కమిటీ చెప్పింది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అన్నట్టు, మనిషిని పెంచకుండా ‘పరిజ్ఞానం’ పెంచుతున్నారు.

ఆధారాలు లేకపోతే సర్కారు కదలదు కదా అంటారు. ఆధారం 2002 నుంచీ ఉంది. నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడేకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో చూపింది. ఆమె చేసిందీ సర్వేనే కదా అంటారా? అవును. కానీ ఆమె నర్సును ఎంతమంది రోగులని అడిగి, ఆ జవాబును చావుల లెక్క పక్కన పెట్టింది. కాలిఫోర్నియా 1999లోనే చట్టం చేసి 2004 నుంచి నర్సు-రోగి నిష్పత్తి అమలు చేస్తోంది. సర్వే వల్ల నర్సుల గొంతు వినబడుతుందన్నది ఇంకో వాదన. 2015లో నెలకు 7,700 రూపాయల జీతంతో చేరిన తమిళనాడు నర్సులు 2017 నవంబరులో చెన్నైలో బైఠాయించి గొంతు చించుకున్నారు. కోవిడ్‌లో తీసుకున్న 2,000 మందికి పైగా నర్సులను 2022 డిసెంబరు 31తో ఇంటికి పంపితే వాళ్లూ రోడ్డెక్కారు. వినడానికి అప్పుడు లేని చెవులు క్యూఆర్ కోడ్‌తో మొలుస్తాయా? విద్యార్థులు పరిశోధన నేర్చుకోవద్దా అంటే, నేర్చుకోవాలి. షిఫ్టు షిఫ్టుకూ సిస్టర్లెందరో, రోగులెందరో నెల రోజులు రాసుకోమనండి. అంతకంటే పనికొచ్చే థీసిస్ ఉండదు.

కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్లకు ఇలా మనుషులకూ పనికీ లెక్క కట్టడం కొత్తేమీ కాదు. కోయంబత్తూరులో గోవిందస్వామి నాయుడి కొడుకులు 1926లో ధర్మసంస్థ పెట్టినా, లక్ష్మీ మిల్స్ కుప్పుస్వామి నాయుడి పేరిట 1952లో ఆసుపత్రి లేచినా ఆ డబ్బు వెనక పత్తీ నూలూ ఉన్నాయి. మిల్లులో మనిషికెన్ని కదుళ్లన్నది యజమానికీ తెలుసు, యూనియన్‌కూ తెలుసు. మదురైలో 1976లో 11 మంచాలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్ల మీద రోగి సిద్ధంగా ఉండేలా పనిని అమర్చింది. మార్చింది పనిని, మనుషులకు మార్కులు వేసి ఊరుకోలేదు. కాబట్టి ఇకమీదట ఫారం పట్టుకొచ్చినవాళ్లను ముందు మెడికల్ సూపరింటెండెంట్ గదికి పంపాలి. నిన్న రాత్రి మీ ఐసీయూలో రోగులెందరు, సిస్టర్లెందరు అని అడగాలి. రెండు అంకెలు, కింద సంతకం, తేదీ. అది చేతికి వచ్చేదాకా సిస్టర్లు ఏ గడిలోనూ టిక్కు పెట్టనక్కర్లేదు.