‘మీదు రాకె మాకు’ పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: మా చెల్లెలి కూతురి పెళ్లి శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. అంచుకు పసుపు రాసిన కార్డు కాదు, నాలుగు నిమిషాల వీడియో. ఏనుగు, చెరువు, చెరువు మధ్య మేడ. దాని వెనకే మా బావ, అంటే మా చెల్లెలి భర్త, ఫోను చేశాడు. ఆయన పావుగంట మాట్లాడిందంతా ఒక ఆటవెలదిలోకి కుదించాను. దీనికి పూర్వవ్యాఖ్యలేవీ లేవు గనుక నేనే పూనుకోవలసి వచ్చింది.

ఉదయపురపు కోట నొక్కరాత్రికి పెండ్లి
మీదు రాకె మాకు మేలికాన్క
వచ్చి పోవు ఖర్చు వాకొన మర్యాద
కాదు కాదు బావ! కట్టు పసుపు.

ప్రతిపదార్థము: బావ = ఓ బావా (పెళ్లికూతురి మేనమామ, అనగా ఈ వ్యాఖ్యాత); ఉదయపురపు కోటన్ = ఉదయపూర్‌లో కోటను పోలిన హోటలునందు; ఒక్కరాత్రికి పెండ్లి = ఒకే ఒక్క రాత్రికై వివాహము; మీదు రాకె = మీయొక్క రాకయే; మాకు మేలికాన్క = మాకు శ్రేష్ఠమైన కానుక; వచ్చి పోవు ఖర్చు = రానుపోను విమాన చార్జీ; వాకొన = పైకి చెప్పుట; మర్యాద కాదు కాదు = ఎంతమాత్రమును మర్యాద కాదు; పసుపు కట్టు = పచ్చని బట్టలు ధరింపుము.

టీక: ఉదయపురము. మేవాడ్ రాజు రెండవ ఉదయసింగు పదహారో శతాబ్దంలో కట్టించిన ఊరు గనుక ఆ పేరు. ఉదయం 11 కొట్టేసరికి గది ఖాళీ చెయ్యాలి గనుక ఉదయపురమన్నారని మా చిన్నవాడి వాదం. అది హోటలు నిబంధనే కాని వ్యుత్పత్తి కాదు. దూరపు పెళ్లిళ్ల మాటకొస్తే, 2023 నవంబరులో సినీనటులు వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి ఇటలీలోని టస్కనీలో పెళ్లి చేసుకున్నారు. వాళ్లు మనల్ని పిలవలేదు, ఆ ఉపకారం మరువరానిది. అదే నెల 26న ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’లో, విదేశాలకు పోయి పెళ్లిళ్లెందుకు, మన దేశంలోనే చేసుకోండి అన్నారు. ఉదయపూర్ దేశంలోనే ఉంది కనుక మా బావ దేశభక్తికి లోటు లేదు.

ఒక్కరాత్రికి. ముహూర్తం రాత్రి ఒంటిగంటా పన్నెండు నిమిషాలకు. ఆరుబయట రాత్రి పది దాటితే మైకులు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. సంగీత్ పదిలోపే అయింది గనుక స్పీకర్లు దానికి దక్కాయి. గట్టిమేళం వంతు వచ్చేసరికి సన్నాయి ఆయనను ‘మెల్లగా’ వాయించమన్నారు. మెల్లగా వాయించే గట్టిమేళం ఏ రాగమో సంగీతజ్ఞులు తేల్చాలి.

మీదు. ఇది గౌరవంతో కూడిన ఏకవచనమా, ఇంటిల్లిపాదినీ పిలిచే బహువచనమా? పాత శుభలేఖల్లో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని ఉండేది, ఈ సందేహం ఉండేది కాదు. వీడియోలో ఆ మాట లేదు. ఎంతమంది వస్తారో ఫోనులో నింపమన్న గడిలో నాలుగు అని కొట్టాను. మా అమ్మను కలపలేదు. ఎనభై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు, రెండు విమానాలు. ఆవిడ మనవరాలి పెళ్లి ఫోనులో చూసింది. తాళి కట్టే వేళకు బొమ్మ ఆగిపోయిందట.

రాకె. పద్యానికి ప్రాణం ఈ శబ్దమే. రాక అనగా వచ్చుట, రాక అనగా రాకుండుట కూడా. ‘మీరు రావడమే కానుక’ అని ఒక అర్థం, ‘రాకపోవడమే కానుక’ అని రెండోది. ‘మీదు’ అనే షష్ఠి ఉంది కనుక రెండో అర్థం పొసగదని వైయాకరణులంటారు. గదుల లెక్క చూసుకునే మా బావకు బాగా పొసగుతుంది. నా సమన్వయం ఇది: పదో తేదీలోపు చెబితే రాక అంటే రాకపోవుట, గది మిగిలినట్టు. పది దాటాక హోటలుకు సొమ్ము కట్టేశారు, వెనక్కివ్వరు కనుక రాక అంటే వచ్చి తీరుట.

మేలికాన్క. ఇక్కడ కొంచెం ఆగాలి. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఒకటుంటుంది. ఫలానావారు 116, ఫలానావారు 1,116 అని పైకి చదివి మరీ రాస్తారు. చిన్నతనంలో అది నాకు మొరటుగా తోచేది. ఇప్పుడు చూస్తే అంత చక్కని పద్దు మరొకటి లేదు. నీ ఇంట పెళ్లికి నేనిచ్చింది నా ఇంట పెళ్లికి తిరిగొస్తుంది. నలుగురి చేతులూ పడి ఒకడి బరువు లేస్తుంది. తెనాలి నుంచి గన్నవరం, అక్కడ విమానం, హైదరాబాదులో మరో విమానం, నలుగురికీ రానుపోను కలిపి 62 వేలు నేను పెట్టాను. నేను పెట్టాను, మా బావకు పైసా ముట్టలేదు. ఆ సొమ్ము ఏ పుస్తకంలోనూ ఎక్కదు, ఏ పెళ్లికీ తిరిగి రాదు. ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడు లేడు. ఇటువంటి కానుకను ఏ ధర్మశాస్త్రం ఏ దానమంటుందో నాకు తెలియదు.

వచ్చి పోవు. ఇందులో సామాను కూడా చేరుతుంది. పెళ్లికూతురిని మండపానికి తెచ్చే బుట్ట మేనమామ బాధ్యత. మేదరివారి చేత అల్లించినది విమానంలో మనిషికి 15 కిలోల లెక్కకు లొంగినా కొలతకు లొంగలేదు. తలంబ్రాలకని మా ఆవిడ సర్దిన ఎండుకొబ్బరి చిప్పలను గన్నవరంలో తనిఖీవారు తీయించారు. నూనె సరుకు, తనంతట తానే వేడెక్కుతుందట. ఉదయపూర్‌లో ఈవెంటు కుర్రాడు బుట్టా చిప్పలూ తెప్పించి బిల్లులో ‘ప్రాప్స్’ కింద వేశాడు.

కాదు కాదు. ద్విరుక్తి. మొదటి కాదు మర్యాదకు. రెండోది, ‘అది కాదు బావా’ అని నేనేదో అనబోతే ఆయన అడ్డుపడినది.

కట్టు పసుపు. శ్లేష. కట్టుట అనగా ధరించుట, డబ్బు చెల్లించుట. పాఠాంతరం: బట్టలు కొన్నాక వచ్చిన రెండో వీడియోలో ‘పసుపు’ స్థానే ‘లేత పసుపు’ అని ఉంది.

తాత్పర్యము: ఓ బావా! మా పిల్ల పెళ్లి దూరపు ఊళ్లో చేస్తున్నాము, నీ ఖర్చుతో నీవు రమ్ము, పసుపు బట్టలో రమ్ము అని కవి హృదయం. ఇందులో మా బావను తప్పుపట్టడం వ్యాఖ్యాత ఉద్దేశం కాదు. మగపెళ్లివారు అడగలేదు, పిల్లలు ముచ్చటపడ్డారు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో చాలాభాగం నూటయాభై మందికే కరిగింది. పెళ్లయ్యాక రాత్రి మూడింటికి ఆయన పిచోలా చెరువు మెట్ల మీద కండువా పరుచుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, ‘చెరువు మాత్రం బాగుంది బావా’ అన్నాడు.

పిలవని బంధువులు నొచ్చుకున్నారని పది రోజులకు తెనాలిలో మళ్లీ విందు పెట్టారు. పన్నెండు వందల మంది భోంచేశారు. మా అమ్మ ముందు వరసలో కూర్చుంది. చదివింపుల పుస్తకం తెరిచారు. అక్కడా నా పేరున 5,116 చదివారు. మేనమామను కదా.