సత్సంబంధ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “మందిర సాంకేతిక సేవకుడు విక్రేతలతోడను తోటి సేవకులతోడను సత్సంబంధములను పెంపొందించుకొనవలెను.”

అవతారిక: క్రైస్తవ సంఘాల మీడియా బృందాలకు శిక్షణ ఇచ్చే తరగతుల్లో, ఏదో ఒక రూపంలో, తెరమీద తప్పక ప్రత్యక్షమయ్యే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు; ఎవరూ తనదని ఒప్పుకోరు కనుక దీన్ని అపౌరుషేయమనడమే మేలు. ఇందులోని సేవకుడంటే, ఆదివారం ఆరాధన జరిగేటప్పుడు మందిరం వెనుక గోడకు ఆనించిన బల్ల దగ్గర మిక్సరు ముందు కూర్చుని, మైకు సవ్యంగా పలికినంతసేపు ఎవరికీ కనబడక, అది కీచుమన్న క్షణంలో మాత్రం సంఘమంతటికీ ఒక్కసారిగా కనబడే యువకుడు. అతనికి జీతం లేదు, చెక్కు మీద సంతకం చేసే అధికారం లేదు, ఏ బాక్సులు కొనాలో కమిటీ అతన్ని అడగదు. అయినా కొన్న బాక్సులవారితో సత్సంబంధం నెరపే బాధ్యత అతనిదేనని సూత్రం విధిస్తున్నది.

ఆధారం లేనిదీ అక్కర లేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేసిన టీకాకారుడు కోలాచలం మల్లినాథసూరి ఊరు మెదక్ జిల్లాలోని కొల్చారమని చెబుతారు. ఆ జిల్లాలోనే, మెదక్ పట్టణంలో, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన పెద్ద కెథడ్రల్ ఉన్నది కనుక, చర్చి విషయానికి టీక రాయడం ఆ సూరి పొలిమేర దాటడం కాబోదు. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ టీక పాటిస్తున్నది. రెండవ సగాన్ని పాటిస్తే రాయడానికి ఏమీ మిగలదు.

ప్రతిపదార్థం సుగమం గనుక విడువబడినది. విచారించదగినది సంబంధ శబ్దం. సం అనగా బాగుగా, బంధ అనగా కట్టు. బాగా కట్టివేయడమే సంబంధమని వ్యుత్పత్తి. తెలుగువారి వాడుకలో ‘సంబంధం కుదిరింది’ అంటే పెళ్ళి కుదిరిందనే అర్థం ముందు స్ఫురిస్తుంది, ఇక్కడ ఆ అర్థమే చక్కగా అన్వయిస్తుంది. డెమో పెళ్ళిచూపులు, కొటేషను లాంఛనాల జాబితా, అడ్వాన్సు కట్నం. ఈ పెళ్ళిలో సంఘం ఎప్పుడూ ఆడపిల్లవారే.

వ్యాకరణ విశేషం: విక్రేత మనసు విభక్తులను బట్టి తెలుస్తుంది. కొటేషను ఇచ్చే దశలో అతడు చతుర్థిలో ఉంటాడు. అంతా సంఘం కొఱకే, పరిచర్యకై. అడ్వాన్సు అందగానే తృతీయకు మారతాడు. ఇక పని అతనిచేతనే, ప్రయాణం అతనితోనే. వారంటీ తీరిన మరునాడు పంచమి ప్రవేశిస్తుంది. పంచమి అపాదానార్థకం, అంటే ఒకటి మరొకదాని నుంచి విడిపోవడాన్ని తెలిపేది. కనుకనే చెడిపోయిన ఆంప్లిఫయరు వోల్టేజి వలన చెడుతుంది, ఎలుకల వలన చెడుతుంది, చివరకు మిక్సరు కుర్రవాని వలన చెడుతుంది, తయారీ వలన మాత్రం చెడదు. క్రిస్మస్ ఉదయం శబ్దం రానప్పుడు మిగిలేది సంబోధన ప్రథమ ఒక్కటే. అది ‘ఓ’ అని మొదలై, అవతల ఫోను ఎత్తని కొద్దీ ‘ఓయి’ మీదుగా ‘ఓరి’ దాకా దిగుతుంది, స్థలం పవిత్రమైనది కనుక గొంతులోనే. సంబంధాన్ని తెలపవలసిన షష్ఠి ఈ వ్యవహారంలో ఎక్కడా కానరాదు. ‘యొక్క’ అనే ప్రత్యయం వేదిక మీది ప్రార్థనలలోనే ఖర్చయిపోతుంది.

విక్రేత తనను ‘పరిచర్యలో భాగస్వామి’ అని చెప్పుకోవడం కూడా విచార్యమే. భాగస్వామి అంటే లాభనష్టాలలో పాలుపంచుకొనేవాడని ముఖ్యార్థం. నష్టంలో పాలు పంచుకోవడం కొటేషనులో ఎక్కడా లేదు కనుక ముఖ్యార్థానికి బాధ, అంటే అడ్డు, కలుగుతున్నది. అప్పుడు లక్షణను, అంటే దగ్గరి అర్థానికి జరిగే శబ్దశక్తిని ఆశ్రయించాలి. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు పల్లె నీటిలో ఉండడం అసంభవం కనుక గంగ ఒడ్డున ఉన్నదని గ్రహించడం ఆలంకారికులు చూపే ఉదాహరణ. ఇక్కడా అంతే: గంగలో ఉన్నది సంఘం, ఒడ్డున ఉన్నది భాగస్వామి.

డెమో అనే మాట వచ్చింది కనుక ప్రతినాదాన్ని గూర్చి కొంత చెప్పక తప్పదు. ప్రతినాదమంటే, పలకడం ఆగినా గోడలకూ కప్పుకూ తగిలి తిరుగుతూ గదిలో నిలిచిపోయే నాదం. గాయకులు ‘ఎకో పెంచండి బ్రదర్’ అని అడిగేది దీన్నే. 1895లో హార్వర్డులో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో పలికిన మాట దాదాపు 5.5 సెకన్లు వేలాడి, తరువాతి మాటలన్నీ దాని మీద పడి, ఉపన్యాసం విద్యార్థులకు కలగాపులగంగా వినబడేది. దాన్ని సరిచేయమని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన ఏ విక్రేతనూ పిలవలేదు. దగ్గరలోని శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు అరువు తెచ్చి, వాటిని పరుస్తూ, ఆర్గన్ గొట్టం మోగించి, నాదం ఎంతసేపు నిలిచిందో కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదకాలం పెరుగుతుందనీ, శబ్దాన్ని పీల్చుకొనేవి పెరిగితే తగ్గుతుందనీ తేల్చాడు. శబ్దాన్ని పీల్చుకొనేవాటిలో మనుషులు, వారి బట్టలు ముఖ్యమైనవి. నిండిన మందిరం, ఖాళీ మందిరం శబ్దానికి రెండు వేరు మందిరాలు. శనివారం సాయంత్రం ఖాళీ హాలులో బాక్సులు మోగించి, కమిటీవారు తలలూపగానే బిల్లు పుస్తకం తెరిచే డెమోకు శాస్త్రంలో ఎక్కడా ప్రమాణం లేదు. మందిరం రాతిగోడలదో, పైకప్పు రేకులదో అడగకుండానే కొటేషను రాసే అలవాటుకైతే ప్రమాణం కాదు, ప్రాయశ్చిత్తం వెతకాలి.

భవన ధ్వనిశాస్త్రం అరువు మెత్తల మీద పుట్టిందన్నది ఇక్కడ గమనించవలసిన విశేషం. దీనివల్ల సూత్రంలోని ‘తోటి సేవకులు’ అనే పదానికి అన్వయం కుదురుతున్నది. ముంచి బాప్తిస్మమివ్వాలా, చిలకరించి ఇవ్వాలా అనే వివాదం బాప్తిస్టు, లూథరను పెద్దల మధ్య తేలకపోయినా, ఆ రెండు మందిరాల మిక్సరు కుర్రవాళ్ళు శనివారం రాత్రి స్కూటరు మీద డీఐ బాక్సు ఇచ్చిపుచ్చుకుంటారు. డీఐ బాక్సంటే గిటారు, కీబోర్డుల నుంచి వచ్చే సంకేతాన్ని పొడవైన కేబులుకు తగినట్టు మార్చే చిన్న పెట్టె. దాని కోసం ఎవరూ శిక్షణ తరగతి పెట్టలేదు. పైగా అరువిచ్చిన సంగతి తెలిస్తే ‘మన వస్తువు వాళ్ళ మందిరంలో ఎందుకు’ అని అడిగే పెద్ద ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. సూత్రాన్ని తెరమీద చూసి చప్పట్లు కొట్టేవారిలోనూ ఆయన ఉంటారు.

సంబంధం ఎక్కువైనా దోషమే. వేదిక మీది ఆంప్లిఫయరుకు ఒక ప్లగ్గు నుంచి, వెనుక మిక్సరుకు మరొక ప్లగ్గు నుంచి ఎర్తు అంది, మధ్యనున్న కేబులు తొడుగు ఆ రెండింటినీ కలిపినప్పుడు భూమికి రెండు దారులు ఏర్పడి, కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుర్రుమనే చప్పుడు బాక్సులలో వినబడుతుంది. దీనికి గ్రౌండ్ లూప్ అని పేరు. డీలరు కోశాధికారిగారికి బావమరిది కూడా అయినప్పుడు ఇదే జరుగుతుంది. రెండు దారులలో ఒకటి తీసివేయడమే చికిత్స. కేబులు విషయంలో అది సాధ్యం.

పాఠాంతరం: అద్దె మైకుసెట్టు నడిపే చిన్న వ్యాపారులు ‘పెంపొందించుకొనవలెను’ అనే చోట ‘పెండింగుంచుకొనవలెను’ అని చదువుతారు. సెమీక్రిస్మస్‌కు తెచ్చిన బాక్సుల అద్దె ఈస్టరు దాటినా అందకపోవడం, అడిగితే ‘దేవుని పని కదా’ అని అందులోనే కొంత తగ్గించమనడం ఈ పాఠానికి ఉపబలకాలు. అర్థానికి భంగం లేదు కనుక ఈ పాఠమే గ్రాహ్యం. ఆ వ్యాపారుల ఖాతా పుస్తకంలో మందిరం పేరుకు ఎదురుగా రాసి ఉండే ఫోను నంబరు కాపరిగారిదీ కాదు, కోశాధికారిగారిదీ కాదు, మిక్సరు కుర్రవానిది.