క్వాలిటీ గారొచ్చారు, కుర్చీ వేయండి

మన జిల్లా ఆసుపత్రుల్లో నాణ్యతకేమీ లోటు లేదు. కాకపోతే అది ఏడాదికి మూడు రోజులే డ్యూటీలో ఉంటుంది. అసెసర్లు వస్తున్నారన్న కబురు అందగానే గోడలకు సున్నం, మెట్లకు ఎర్రరంగు, మంచాల మీద కొత్త దుప్పట్లు. కుళాయిల్లో నీళ్లొస్తాయి. ఆ కుళాయి పైన చేతులెలా కడుక్కోవాలో బొమ్మలేసి చెప్పే పోస్టరు వెలుస్తుంది. ప్రతి మంచానికీ శానిటైజర్ సీసా వేలాడుతుంది. నాలుగో రోజు సీసాలన్నీ స్టోరు బీరువాలోకి, బీరువా తాళంచెవి హెడ్ నర్సు కొంగుముడిలోకి వెళ్లిపోతాయి. ఆవిడనేమీ అనకండి. సీసా పోతే సంజాయిషీ రాసుకోవాల్సింది ఆవిడే. చేతులు కడుక్కోకపోతే మాత్రం ఎవరినీ ఎవరూ అడగరు.

2015 మే నెలలో కేంద్రం ‘కాయకల్ప’ పేరుతో ప్రభుత్వాసుపత్రులకు పరిశుభ్రత పోటీ పెట్టింది. జిల్లా ఆసుపత్రికి మొదటి బహుమతి యాభై లక్షలు. దానికి రెండేళ్ల ముందే జాతీయ నాణ్యతా ప్రమాణాలు వచ్చాయి. వందకు డెబ్బై మార్కులు తెచ్చుకుంటే సర్టిఫికెట్. న్యాయంగా చెప్పుకోవాలంటే, ఈ పోటీల పుణ్యమా అని చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మరుగుదొడ్డికి తలుపు వచ్చింది, తలుపుకు గడియ వచ్చింది. అది చిన్న సంగతి కాదు. కానీ మార్కులతో పాటు మార్కుల విద్య కూడా వచ్చింది. నెల మొదటి తారీఖునే ముప్పై రోజుల చెక్‌లిస్టు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో టిక్కులు కొట్టేసే చేతివాటం ఎంత సాధన చేస్తే వస్తుందో ఆలోచించండి. ముప్పై ఒకటో తారీఖు లేని నెలలో కూడా ఒక టిక్కు అదనంగా పడుతుంది.

ఇప్పుడు దీనికి తోడు ప్రతి విభాగం ఏడాదికో క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టు చేయాలట. ముందుగా ఓ హోటల్లో వర్క్‌షాపు. తలా ఒక ఫైలు, పెన్ను, మధ్యాహ్నం బిర్యానీ. బిర్యానీ తర్వాత చేపముల్లు బొమ్మ. జపాన్ ఇంజినీరు కవోరు ఇషికావా పేరు మీద ప్రపంచమంతా గీస్తున్న బొమ్మ అది. తల దగ్గర సమస్య, ముల్లు ముల్లుకీ ఒక కారణం. దాంతోపాటు టయోటా కంపెనీవాళ్లు నేర్పిన చిట్కా ఒకటి: ఏ తప్పు జరిగినా ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడుగుతూ పోతే అసలు కారణం దొరుకుతుందట. ఇదేదో కొత్త విద్య అన్నట్టు మనవాళ్లు నోట్సు రాసుకుంటారు. ఏడు చేపల కథ విని పెరిగిన జాతికి ఈ ట్రైనింగు కావాలా? ఎండని చేప దగ్గర మొదలుపెట్టి, గడ్డిమోపునీ ఆవునీ పాలేరునీ అవ్వనీ పిల్లాడినీ వరసగా విచారించి, చివరికి చీమ దాకా వెళ్లి దాని వాంగ్మూలం కూడా తీసుకున్న విచారణ కమిషన్ అది.

ఆసుపత్రిలో ఆ కథ ఎలా నడుస్తుందో చూడండి. ఆపరేషన్ కుట్లకు చీము ఎందుకు పట్టింది? పరికరాలు సరిగా ఉడకలేదు. ఎందుకు ఉడకలేదు? ఆటోక్లేవ్‌లో ఆవిరి నిలవడం లేదు. ఎందుకు నిలవడం లేదు? మూత గాస్కెట్ అరిగిపోయింది. ఎందుకు మార్చలేదు? ఇండెంట్ పెట్టాం, రాలేదు. ఎందుకు రాలేదు? పాత బిల్లులు ఇవ్వలేదని కంపెనీవాడు ఫోనెత్తడం మానేశాడు. ఇక్కడికి ఐదు అయిపోయాయి. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఆరో ‘ఎందుకు’ అడిగితే అది జవాబు కోసం రాజధాని బస్సెక్కాలి. అందుకని కమిటీ మర్యాదగా వెనక్కి తిరిగి రెండో ముల్లు దగ్గరకొచ్చి ‘సిబ్బందిలో అవగాహనా లోపం’ అని రాస్తుంది. పరిష్కారం: అవగాహనా సదస్సు. దాంతోపాటు థియేటర్ అసిస్టెంటుకు మెమో. కథలో చీమకు కనీసం తన గోడు చెప్పుకునే అవకాశం ఉంది. ఇక్కడ చీమ కాంట్రాక్టు ఉద్యోగి.

ఇక లెక్కల సంగతి. ఓపీలో రోగులు గంటల తరబడి నిలబడుతున్నారు, నిరీక్షణను సగానికి తగ్గించాలి అని ఓ ప్రాజెక్టు అనుకుందాం. బంగారం లాంటి లక్ష్యం. కొలత: ఓపీ చీటీ మీద పడ్డ టైముకూ రోగి డాక్టరు గదిలోకి అడుగుపెట్టిన టైముకూ మధ్య ఎంత. డాక్టరు తొమ్మిదిన్నరకు గానీ రాడు. చీటీల కౌంటరు ఎనిమిదికే తెరుస్తున్నారు. మరి తెలివైన మనిషేం చేస్తాడు? కౌంటరును కూడా తొమ్మిదిన్నరకే తెరుస్తాడు. ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక్క డాక్టరు ముందు రాలేదు, నిరీక్షణ మాత్రం సగం కంటే ఎక్కువే పడిపోయింది. రోగి మాత్రం ఎప్పట్లాగే తెల్లారి మొదటి బస్సుకే వచ్చి, గేటు బయట వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉంటాడు. చీటీ లేదు కాబట్టి లెక్కల ప్రకారం ఆయనింకా ఊళ్లోనే ఉన్నాడు.

ఇది మన ఒక్కరి ప్రతిభే అనుకుని పొంగిపోకండి. ఇంగ్లండులో ఎమర్జెన్సీకొచ్చిన రోగిని నాలుగు గంటల్లో తేల్చేయాలని లక్ష్యం పెడితే, కొన్నిచోట్ల రోగుల్ని ఆసుపత్రి ముంగిట అంబులెన్సులోనే ఆపేశారు. గడప దాటితే గడియారం మొదలవుతుంది మరి. ఒక అంకె మెరుగుపడినప్పుడు దాని పక్కన ఏది పాడైందో కూడా చూడమని నాణ్యత శాస్త్రం చెబుతుంది. ఆ పేజీ వర్క్‌షాపులో బిర్యానీ వేళకు వస్తుంది కాబోలు.

నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది ‘ముందు–తర్వాత’ స్లైడు. ముందు ఎత్తుగా ఒక కడ్డీ, తర్వాత పొట్టిగా ఒక కడ్డీ, మధ్యలో బాణం, పైన చప్పట్లు. డెంగీ మీద ప్రాజెక్టు అక్టోబరులో మొదలవుతుంది, ఎందుకంటే పేపర్లో గోల అప్పటికి మొదలవుతుంది. దోమతెరలు, ర్యాలీ, బ్యానరు. జనవరిలో చూస్తే కేసులు పదో వంతు కూడా లేవు. ప్రాజెక్టు ఘనవిజయం! ఏటా వానలు వెనకబట్టి చలి ముదిరేసరికి డెంగీ తనంతట తానే తగ్గుతుందని అందరికీ తెలుసు. అయినా సన్మానం రోజున శాలువా చలికాలానికి కప్పరు. రెండేళ్ల నెలవారీ అంకెల్ని ఒక గీతలో కలిపి చూస్తే గుట్టు రట్టవుతుంది. అందుకే ఎవరూ కలపరు.

పెద్దవాళ్లకే ఈ చిక్కు వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఐసీయూ రోగుల పెద్ద రక్తనాళంలో వేసే గొట్టం ద్వారా వచ్చే ఇన్‌ఫెక్షన్లను ఆపడానికి పీటర్ ప్రొనోవోస్ట్ బృందం వందకు పైగా ఐసీయూల్లో అయిదే అయిదు జాగ్రత్తలు పాటింపజేసింది. 2006లో ఫలితాలు వచ్చాయి. కనీసం సగం ఐసీయూల్లో ఆ ఇన్‌ఫెక్షన్ సున్నాకి దిగింది. ఇంగ్లండు ముచ్చటపడి అదే పని చేసింది. అక్కడా తగ్గింది. కానీ వాళ్లు ఆసుపత్రుల్ని విడతలుగా చేర్చుకోవడం వల్ల ఒక ఇబ్బందికరమైన నిజం బయటపడింది: ఇంకా ప్రాజెక్టులో చేరని చోట్ల కూడా ఇన్‌ఫెక్షన్లు అప్పటికే తగ్గుతున్నాయి. ఆ సంగతి దాచకుండా అచ్చువేశారు. మన దగ్గరైతే చేరనివాళ్లకు కూడా స్ఫూర్తినిచ్చిన ప్రాజెక్టు అని ఇంకో అవార్డు ఇచ్చేవాళ్లం.

దాచకుండా చెప్పిన కథ మన దేశంలోనూ ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లో, 120 ప్రసూతి కేంద్రాల్లో ‘బెటర్‌బర్త్’ అని ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కాన్పు సమయంలో మరిచిపోకూడని 28 అంశాల చెక్‌లిస్టు, దాన్ని వాడించడానికి పక్కన నిలబడే శిక్షకులు. సగం కేంద్రాల్లో ప్రాజెక్టు, సగం చోట్ల మామూలు పద్ధతి. ఏ సగం ఎటన్నది లాటరీ. 2017లో ఫలితాలు ప్రకటించారు. రెండు నెలల దగ్గర చూస్తే చేయాల్సిన పనుల్లో ప్రాజెక్టు కేంద్రాలు 73 శాతం దాకా చేస్తుంటే, మామూలు కేంద్రాలు 42 శాతమే చేస్తున్నాయి. మనవాళ్లయితే ఇక్కడే కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి, ఫైలు మూసేసేవారు. వాళ్లు మూయలేదు. శిక్షకులు వెళ్లిపోయాక, ఏడాది దగ్గర మళ్లీ చూస్తే 73 కాస్తా 62కి జారింది. ఆపైన, అసలు ప్రశ్న అడిగారు: తల్లులూ బిడ్డలూ బతికారా? మరణాలు, తల్లికొచ్చిన తీవ్రమైన ఇబ్బందులు అన్నీ కలిపి చూస్తే ప్రాజెక్టు నడిచిన చోట 15.1 శాతం, నడవని చోట 15.3. అంటే తేడా లేదు. టిక్కులు పెరిగాయి, ప్రాణాలు నిలబడలేదు.

నన్నడిగితే ఈ ఒక్క ఓడిపోయిన ప్రాజెక్టు, మన జిల్లాల్లో గెలిచిన ప్రాజెక్టులన్నిటి కంటే గొప్పది. చెక్‌లిస్టు ఒక్కటే చాలదని అది దేశానికి చెప్పింది. కష్టమైన కాన్పుకు ఆపరేషన్ చేసే డాక్టరు, రక్తం, టైముకు కదిలే బండి లేకుండా కాగితం మీద ఎన్ని టిక్కులు పెట్టినా అవి సిరా మరకలే. ఈ మాట చెప్పడానికి వాళ్లు లక్షన్నరకు పైగా కాన్పులు లెక్కపెట్టారు. మన ప్రాజెక్టులు సాధారణంగా ఎన్ని లెక్కపెడతాయంటే, స్లైడులో పట్టేన్ని.

నూరేళ్ల కిందట బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవాడు. ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ చూసి బాగయ్యాడా లేదా, కాకపోతే తప్పెవరిదో రాయాలన్నాడు. ఫలితం చూడకుండా సీనియారిటీని బట్టి పదోన్నతులేంటని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి 1914లో రాజీనామా ఇచ్చాడు. మరుసటి ఏడాది ఓ సభలో, ఇసుకలో తలదూర్చి డాక్టర్లకు బంగారు గుడ్లు పెట్టే ఉష్ట్రపక్షిగా రోగుల్ని చూపిస్తూ వేసిన వ్యంగ్య చిత్రాన్ని ప్రదర్శించాడు. పదవులు పోయాయి. సొంతంగా నడిపిన చిన్న ఆసుపత్రిలో 337 మంది రోగులకు చేసిన వైద్యంలో 123 పొరపాట్లు జరిగాయని తనే పుస్తకంగా అచ్చేసి పంచాడు. తర్వాతెప్పుడో అమెరికాలో ఆయన పేరు మీద నాణ్యతకు అవార్డు పెట్టారు. బతికుండగా మాత్రం ఆయనకు రోగులు దొరకడమే కష్టమైంది.

మీ జిల్లాలో ఏ సూపరింటెండెంటయినా పోయిన నెల తమ ఆసుపత్రిలో జరిగిన పొరపాట్లు ఇవీ అని ఒక కాగితం నోటీసు బోర్డుకు అంటిస్తే, దయచేసి ఈ పత్రికకు కబురు చేయండి. ఈ కాలమ్ మొత్తం ఆయనకే ఇస్తాను. కాస్త తొందరగా చేయండి, బదిలీ ఉత్తర్వులు మన ఆసుపత్రుల్లో దేనికంటేనైనా వేగంగా వస్తాయి.