‘క్యాష్ ఆర్ కన్వెన్షనల్ ఓన్లీ’: టీకా తాత్పర్య సహితము

మూలం నాలుగే మాటలు. అమెరికాలో అమ్మకానికి పెట్టిన ఇంటి ప్రకటనలో ఫొటోలు, పడకగదుల లెక్క, పెరటి విస్తీర్ణం, బడుల గొప్పలు అన్నీ అయ్యాక చిట్టచివర ఉంటాయి: ‘క్యాష్ ఆర్ కన్వెన్షనల్ ఓన్లీ’. కర్త లేడు, క్రియ లేదు, ఛందస్సు సంగతి సరేసరి. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసి పెట్టాడు గానీ, ఇంత క్లిష్టమైన పాఠం ఆయన కంటపడలేదు. ఆ బరువు ఈ టీకాకారుడి నెత్తిన పడింది.

ప్రతిపదార్థము: క్యాష్ = రొక్కము చేతగాని; ఆర్ = లేక; కన్వెన్షనల్ = సర్కారు పూచీ లేని బ్యాంకు అప్పు చేతగాని; (కొనువారు) = కొనదలచినవారు; ఓన్లీ = మాత్రమే; (రావలయును) అని శేషము.

‘క్యాష్’ అనగానే సంచిలో నోట్ల కట్టలు మెదిలితే అది వాచ్యార్థం. ఇక్కడ పనికివచ్చేది లక్ష్యార్థం: ఏ బ్యాంకు అనుమతికీ ఆగకుండా ఒక్క వైర్ ట్రాన్స్‌ఫర్‌తో వచ్చిపడే డబ్బు అని. ఇందులో వివాదం లేదు.

‘కన్వెన్షనల్’ దగ్గర మాత్రం పండితులు తడబడతారు. సంప్రదాయసిద్ధము అని నిఘంటువు చెబుతుంది. సర్కారు వాసన తగలని అప్పు అని ఏజెంట్లు చెబుతారు. తీరా చూస్తే బ్యాంకులిచ్చే ఈ అప్పుల్లో పెద్ద భాగాన్ని కొనిపెట్టుకునేవి ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ అనే రెండు సంస్థలు. మొదటిది 1938లో, రెండోది 1970లో ప్రభుత్వం పుట్టించినవే. 2008 సెప్టెంబరులో కుప్పకూలబోతే మళ్లీ ప్రభుత్వమే తన అజమాయిషీలోకి తీసుకుంది. అంచేత ‘సర్కారు వాసన తగలని’ అన్నది వాసన చూడనివారి మాట.

ఇక ‘ఓన్లీ’. మూలంలోని ప్రాణమంతా ఈ మాటలోనే ఉంది. సంస్కృతంలో ఏవకారం, తెలుగులో చివరి ‘ఏ’ చేసే పని ఇదే చేస్తుంది: పేరు పెట్టకుండా మిగతావాళ్లను బయటికి తోలుతుంది. ఇక్కడ బయటపడ్డవాళ్లు ముగ్గురు. ఎఫ్‌హెచ్‌ఏ రుణం, మాజీ సైనికుల శాఖ పూచీ ఉండే వీఏ రుణం, పల్లెప్రాంతాల కోసం వ్యవసాయ శాఖ హామీ ఇచ్చే యూఎస్‌డీఏ రుణం. మూడోది పట్నాల్లో ఎలాగూ దొరకదు కాబట్టి దాని గోడు ఇంతటితో సరి.

ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్) 1934లో పుట్టింది. అది అప్పివ్వదు, అప్పిచ్చిన బ్యాంకుకు బీమా ఇస్తుంది. క్రెడిట్ స్కోరు 580 ఉంటే ధరలో 3.5 శాతం చేత పట్టుకు వస్తే చాలు. 4,00,000 డాలర్ల ఇంటికి 14,000 అన్నమాట. మిగిలిన 3,86,000 మీద 1.75 శాతం, అంటే 6,755 డాలర్లు, ముందస్తు బీమా కింద అప్పుకు కలుస్తుంది. ఏటేటా కట్టే బీమా వేరు. ఈ దారిన ఇల్లు కొనేవాళ్లలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా మొదటి ఇల్లు కొనేవాళ్లే. వీఏ రుణం యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన జీఐ బిల్లుతో వచ్చింది. దానికి డౌన్ పేమెంటే అక్కర్లేదు. సైనికుడు కనిపిస్తే లేచి చప్పట్లు కొట్టే దేశంలో అతడి ఆఫర్ కాగితం అడుగున పడటం ఎలాగో తెలియాలంటే పూర్వపక్షం వినాలి.

పూర్వపక్షము. అమ్మకందారుడి వాదం: “ఒప్పుకున్న ధర 4,00,000. ప్రభుత్వ నియమాల ప్రకారం ఇంటి విలువ కట్టడానికి వచ్చిన అప్రైజర్ 3,85,000 అని రాశాడనుకోండి. అప్పుడు నా గతేమిటి?” ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ రుణాల ఒప్పందాల్లో ఒక నిబంధన తప్పనిసరిగా ఉంటుంది: ఇంటి విలువ ధరకంటే తక్కువ తేలితే కొనేవాడు బయానా వెనక్కి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆ 15,000 చేతినుంచి పెట్టుకుని ఉండిపోనూ వచ్చు. కానీ ఉంటానని ముందే మాటిచ్చి ఆ హక్కు వదులుకోవడానికి వీల్లేదు. కన్వెన్షనల్ వాడు వదులుకోవచ్చు. 2021లో ఒక్కో ఇంటి మీద పదేసి ఆఫర్లు పడ్డ రోజుల్లో చాలామంది వదులుకున్నారు కూడా. ఎఫ్‌హెచ్‌ఏ అప్రైజల్ 180 రోజులు చెల్లుతుంది గనుక, కొనేవాడు పోయినా ఆ తక్కువ అంకె ఇంటిని పట్టుకుని వేలాడుతుందన్నది ఏజెంట్ల మరో భయం. ఈ పూర్వపక్షం గట్టిదే. టీకాకారుడు దీన్ని కొట్టెయ్యడు.

వీఏ వాళ్లు ఇందుకు ఒక విరుగుడు పెట్టారు. విలువ తగ్గేలా ఉందని అప్రైజర్‌కు తోస్తే నివేదిక ఇవ్వకముందే కబురంపాలి. చుట్టుపక్కల అమ్మకాల లెక్కలు తెచ్చి చూపడానికి రెండు పనిదినాలు గడువు. దాని పేరు ‘టైడ్‌వాటర్’. ఆటుపోట్లకూ దీనికీ అన్వయం కుదర్చాలని శ్రమపడనక్కర్లేదు. వర్జీనియాలో మొదట ప్రయోగించి చూసిన ప్రాంతం పేరు అది.

రెండో పూర్వపక్షం మరమ్మతులు. “ఎఫ్‌హెచ్‌ఏ అంటే మెట్లకు రెయిలింగు లేదంటారు, కిటికీ అద్దం పగిలిందంటారు, కుళాయి కారుతోందంటారు. ఎవడు పడతాడు?” ఇది ఒకప్పటి పాఠం. రెయిలింగు, పగిలిన అద్దం, కారే కుళాయి, పగుళ్లిచ్చిన నడకదారి లాంటి చిన్న లోపాలను బాగుచేస్తేనే అప్పు అన్న పట్టును గృహశాఖ 2005 డిసెంబరులోనే ఒక లేఖతో సడలించింది. ఇరవయ్యేళ్లు గడిచాయి. అయినా గురువు చెప్పింది శిష్యుడు, శిష్యుడు చెప్పింది ప్రశిష్యుడు వల్లించడమే తప్ప ఆ లేఖ తెరిచి చూసినవాళ్లు అరుదు. వీఏదీ అదే కథ. చెదల పరీక్ష ఖర్చు సైనికుడు పెట్టుకోకూడదు, కాబట్టి అమ్మేవాడి నెత్తిన పడుతుంది అని చాలా రాష్ట్రాల్లో చెప్పుకునేవారు. 2022 జూన్ నుంచి అతడే పెట్టుకోవచ్చు. ఏజెంటు కమిషన్ కొనేవాడు చెల్లించరాదన్న నిషేధాన్ని కూడా 2024 ఆగస్టులో తాత్కాలికంగా ఎత్తేశారు.

అయితే సడలనివీ ఉన్నాయి. కప్పు ఇంకో రెండేళ్లయినా నిలవాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో రంగు పెచ్చులూడుతుంటే, అందులో సీసం ఉండొచ్చు గనుక, దాని సంగతి తేల్చాలి. కారుచౌకగా కొని రంగులేసి 90 రోజులైనా నిండకుండా అమ్మేవాడి ఇంటికి ఎఫ్‌హెచ్‌ఏ అప్పు రాదు. ఇలాంటిచోట ప్రకటనలోని నాలుగు మాటలు నిజంగానే నిజం.

అలంకారము: అపహ్నుతి. ఉన్న విషయాన్ని దాచి మరొకటి చెప్పడం. ‘ఇది కప్పు లోపం కాదు, నీ అప్పు లోపం’ అని అన్వయించుకోవాలి. పాత ఇంటి ప్రకటనలో ఈ పంక్తి కనబడితే రసజ్ఞుడైన పాఠకుడు ముందు కప్పు వయసు అడుగుతాడు.

తాత్పర్యము అని రాయబోతే ధర్మశాస్త్రం అడ్డొస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించరాదన్నారు. 1974లో లింగభేదం, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం చేర్చారు. ఆ జాబితాలో అప్పు రకం లేదు. అందువల్ల ‘ఎఫ్‌హెచ్‌ఏ వద్దు’ అని బాహాటంగా అచ్చువేసినా ఆ కేంద్ర చట్టం నేరుగా అడ్డుకోదు. కానీ ఈ రుణం మీద ఎక్కువగా ఆధారపడేది నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలు. వాచ్యార్థం కాగితం గురించి, వ్యంగ్యార్థం మనుషుల గురించి అన్న ఆరోపణ అందుకే వస్తోంది. ఇందులో ఒక చారిత్రక శ్లేష కూడా ఉంది. 1930లలో ఇదే ఎఫ్‌హెచ్‌ఏ తన మార్గదర్శిలో నల్లవాళ్ల పేటలను బీమాకు పనికిరానివిగా చూసింది. అప్పట్లో గుమ్మంలో నిలబడి పొమ్మన్నది తనే.

‘కన్వెన్షనల్’ అనగానే ఇరవై శాతం డౌన్ పేమెంటుతో దర్జాగా వచ్చే మనిషి కళ్లకు కడతాడు. కానీ మొదటి ఇల్లు కొనేవాళ్లకు కన్వెన్షనల్‌లోనూ 3 శాతంతో అప్పు దొరుకుతుంది. అదే 4,00,000 ఇంటికి 12,000. అంటే పన్నెండు వేలవాడు ‘ఓన్లీ’ గడప దాటి లోపలికి పోతాడు. పద్నాలుగు వేలవాడు వరండాలో ఉంటాడు.

డల్లాస్ శివార్లలో, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాకా, ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లకు ఈ మూలం కంఠస్థం. “ఎఫ్‌హెచ్‌ఏ మాటెత్తకు తమ్ముడూ, ముందు కన్వెన్షనల్‌లో ప్రీ-అప్రూవల్ లెటర్ తెచ్చుకో” అని అన్నలు చెబుతుంటారు. హెచ్‌1బీ వీసా మీదున్న తమ్ముడికి ఇప్పుడు ఆ సలహా కూడా అక్కర్లేదు. శాశ్వత నివాసం లేనివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఉండదని 2025 మే 25 నుంచి ప్రభుత్వమే తలుపేసింది. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న అతడికి ఆ ప్రకటన చదివి వినిపిస్తే, అలంకారశాస్త్రం ప్రకారం అది పునరుక్తి దోషం.