తలుపు మూసి చేసే వైద్యం

హైదరాబాదులో తక్కువ పెట్టుబడితో కొంత పుణ్యం, అంతకన్నా ఎక్కువ పైకం తెచ్చిపెట్టే వ్యాపారం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పండి: పిల్లల థెరపీ సెంటర్. ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చాలు. కింద ఫోమ్ మ్యాట్లు, సీలింగు కొక్కేనికి ఊయల, మూలన ట్రాంపొలిన్, తొట్టినిండా ప్లాస్టిక్ బంతులు, గోడకి జిరాఫీ. పార్కులో ఊగితే పిల్లాడు ఊరికే ఊగినట్టు. ఇక్కడ ఊగితే సెన్సరీ ఇంటిగ్రేషన్. 45 నిమిషాలకి ఏరియాని బట్టి రేటు. నెల ప్యాకేజీ ముందే కట్టాలి. మధ్యలో జ్వరమొచ్చి పిల్లాడు రాకపోతే ఆ సెషన్ గంగలో కలిసినట్టే.

సిబ్బంది గురించి బెంగ వద్దు. ఈ వైద్యానికి కావాల్సిన ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ అంటే నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. అంత చదివినవాళ్లు జీతం కూడా అందుకు తగ్గట్టే అడుగుతారు. కాబట్టి అలాంటి మేడమ్ ఒకరి పేరు బోర్డు మీద పెట్టుకోండి. అసెస్‌మెంటు రోజున ఆవిడ ఓసారి దర్శనమిస్తే చాలు. మిగతా రోజుల్లో పిల్లల్ని ఊపడానికి ఆన్‌లైన్ సర్టిఫికెట్లు సరిపోతాయి. అడిగేదెవరు? 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తులకి ఓ చట్టం చేసింది, ఆక్యుపేషనల్ థెరపిస్టులు రిజిస్టరులోకి ఎక్కాల్సిందే అంది. మిర్చిబజ్జీల బండికి కూడా ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉండాలనే దేశం మనది. మాటలు రాని పిల్లాడిని గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకునే మనిషిని మాత్రం, నీ పేరు ఏ రిజిస్టరులో ఉందని అడగడం మర్యాద కాదనుకుంటాం.

ఆ తలుపే ఈ వ్యాపారానికి అసలు మూలధనం. ఊయల అరిగిపోతుంది, బంతులు చిల్లులు పడతాయి, తలుపు మాత్రం చెక్కుచెదరదు. "మీరు కనబడితే వాడు డిస్టర్బ్ అవుతాడమ్మా, బయట కూర్చోండి." ఇవతల ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులు, అమ్మమ్మలు. ఒళ్లో నీళ్ల సీసా, సంచిలో మార్చడానికో నిక్కరు. లోపల్నుంచి ఏడుపు వినబడితే అందరూ ఒక్కసారి తలెత్తుతారు. గొంతు పోల్చుకుంటారు. తమవాడిది కాదని తేలినవాళ్లు మళ్లీ ఫోన్లోకి దిగుతారు. తేలనివాళ్లు లేచి నిలబడి, ఎవరూ ఏమీ అనకముందే మళ్లీ కూర్చుంటారు. టైమయ్యాక తలుపు తెరుచుకుంటుంది. "ఈరోజు సిట్టింగ్ బాగుందండీ. ఇంట్లో కూడా ఇదే ఫాలో అవ్వండి." ఏది ఫాలో అవ్వాలో చెప్పేంత తీరిక లేదు, నాలుగున్నర బ్యాచ్ అప్పటికే చెప్పులు విడుస్తోంది. సాయంత్రం వాట్సాప్‌లో ఓ ఫోటో వస్తుంది, ఊయల మీద వాడు. ఆఫీసులో నాన్నగారు బొటనవేలి బొమ్మ ఒకటి కొట్టి, ఫోన్‌పేలో వచ్చే నెల ప్యాకేజీ కూడా కొట్టి, తన వంతు పితృధర్మం నెరవేరుస్తారు.

అలాగని ఈ విద్య బూటకమని ఎవరైనా అంటే వాళ్లతో పోట్లాడతాను. సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతం అమెరికన్ థెరపిస్టు జీన్ ఏయర్స్‌ది; 1972లో పుస్తకమే రాసింది. కుక్కర్ కూతకి చెవులు మూసుకుని మంచం కిందికి దూరే పాప, చొక్కా మెడ దగ్గరి లేబుల్ ముల్లులా గుచ్చుకుంటుందని బట్టలు విప్పేసే బాబు, పెరుగన్నం నాలుకకి తగలగానే కక్కేసే పిల్లవాడు మొండివాళ్లు కాదని, వాళ్ల ఒంటికి లోకం అలాగే తగులుతోందని చెప్పే చదువిది. అసలైన థెరపిస్టు మొదట ఊయల దగ్గరికి పోదు. పొద్దున్నే స్నానం ఎలా చేస్తాడు, ఎవరు తినిపిస్తారు, ఏ పప్పు తింటాడు, ఏది ఉమ్మేస్తాడు అని అడుగుతుంది. టీషర్టు వేసుకోవడం నేర్పాలంటే తల, చేతులు తనే దూర్చి, పొట్ట మీదికి వచ్చిన చివరి బెత్తెడు గుడ్డని కిందికి లాగడం మాత్రం వాడికి వదిలేస్తుంది. అది వచ్చాక ఒక చెయ్యి. ఆ తర్వాత రెండోది. తల ఆఖర్న. మొదటి రోజునుంచే పని పూర్తిచేసింది వాడే అవుతాడు.

మరి ఆ టీషర్టు ఉండేది ఇంట్లో. రోజూ పొద్దున్న వేసేది అమ్మ. ఆ అమ్మేమో తలుపు బయట.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే తన డాక్టర్లకి ఓ మాట చెప్పింది: ఈ సెన్సరీ థెరపీ ఎంతవరకు పనిచేస్తుందన్న దానికి రుజువులు పరిమితమని తల్లిదండ్రులకి దాచకుండా చెప్పండి, కొంతకాలం చేయించి ఫలితాన్ని వాళ్లే కొలుచుకోవడం నేర్పండి. మన దగ్గర కొలిచేది ఒకటే, మిగిలిన సెషన్ల సంఖ్య.

బడులు ఈ సెంటర్లకి చేసే సేవ వేరే చెప్పాలి. మూడేళ్లు నిండీ నిండని పసివాడికి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇస్తారు. మణికట్టు ఎముకలింకా గట్టిపడని వాడు పెన్సిల్ పిడికిలితో పట్టుకుంటాడు. "గ్రిప్ వీక్‌గా ఉంది, థెరపీ చేయించుకుని రండి" అని డైరీలో నోటు. 2020 జాతీయ విద్యా విధానం ఆ వయసులో ఆటపాటలతో నేర్పమంది. ఆటపాటలు నేర్పితే పక్కవీధి బ్రాంచికి అడ్మిషన్లు పోతాయి కదా! నిజంగా సాయం అవసరమైన పిల్లాడొస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టాన్ని గౌరవించి సీటిస్తారు. వాడి పక్కనే కూర్చునే షాడో టీచర్‌ని మాత్రం మీరే పెట్టుకుని, జీతం మీరే ఇచ్చుకోవాలి.

సర్కారు వారూ ఊరుకోలేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం జిల్లా కేంద్రంలో డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రం ఉంది, మండలంలో భవిత కేంద్రం, అందులో కాంట్రాక్టు మీద ఐఈఆర్పీ అనే రిసోర్స్ టీచరు ఉన్నారు. కూలికెళ్లే తల్లి పిల్లాడిని చంకనేసుకుని, రెండు బస్సులు మారి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని వారంవారం జిల్లా కేంద్రానికి రావడం ఒక్కటే మిగిలిన చిన్న పని.

ఇక అమ్మానాన్నలకో మాట. డబ్బు మీది, పిల్లాడు మీ పిల్లాడు. థెరపిస్టు డిగ్రీ ఏమిటో, ఏ కాలేజీదో అడగండి. మూడు నెలల్లో వాడికి ఏ ఒక్క పని రావాలో కాగితం మీద రాయించుకోండి, చొక్కా వేసుకోవడమో, చెంచాతో తినడమో. వారానికి ఒక్క సెషనైనా లోపల కూర్చుని చూస్తామనండి. కుదరదని తలుపు మూస్తే, వచ్చే నెల ప్యాకేజీ కట్టకండి.