తక్కెడ పట్టిన గ్రీకావిడ

నలభై ఏళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి. వేటపాలెంలో పొద్దున్నే చద్దన్నం తిని, కేసు కట్టలు క్యారియరుకు బిగించి, పక్క ఊరి కోర్టుకు సైకిలు మీద పోయేవాణ్ణి. ఏ ఊరని అడక్కండి. నేను చెప్పేవాటిలో కొన్ని అక్కడివాళ్ళకు రుచించవు.

మా ప్లీడరుగారి బల్ల మీద జానెడు ఇత్తడి బొమ్మ ఉండేది, న్యాయదేవత. కళ్ళకు గంతలు, ఒక చేత కత్తి, ఒక చేత తక్కెడ. ఆ తక్కెడ సిబ్బిలో ఆయన గుండుసూదులు పోసుకునేవారు. ఒకసారి గొలుసు తెగితే మగ్గం దారంతో నేనే కట్టాను. దసరాకి కలం, సీలు, స్టాంపు ప్యాడుతో పాటు ఆవిడకూ బొట్టు పెట్టేవాణ్ణి. మన దేవతే అనుకున్నాను మరి!

లా చదివే మనవడు ఈమధ్య నా గాలి తీసేశాడు. "తాతయ్యా, ఆవిడ గ్రీకుల దేవత. పేరు థెమిస్. ఆకాశానికీ భూమికీ పుట్టిన కూతురు" అన్నాడు. రోమన్లు జస్టీషియా అన్నారట, ఇంగ్లీషువాళ్ళు కోర్టులతో పాటు మనకు తెచ్చిపెట్టారట. పోనీలే, సీతమ్మవారూ భూదేవి కూతురేగా, చుట్టరికం కలిసింది అన్నాను. వాడు నవ్వలేదు. ఈ కాలప్పిల్లలకు నవ్వు కూడా ఫోన్లోనే వస్తుంది.

వాడు చెప్పిన ఇంకో సంగతి మాత్రం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. మొదట్లో ఆవిడకు గంతలే లేవట. 1494లో బాసెల్ నగరంలో సెబాస్టియన్ బ్రాంట్ రాసిన మూర్ఖుల ఓడ అనే పుస్తకం అచ్చయింది. అందులో ఒక బొమ్మ ఉంది, ఒక మూర్ఖుడు వెనకనుంచి వచ్చి న్యాయదేవత కళ్ళకు గుడ్డ కడుతుంటాడు. అంటే అది కోర్టుల మీద ఎగతాళి. యాభై ఏళ్ళు తిరక్కముందే ఆ ఎగతాళి కాస్తా గౌరవమై కూర్చుంది. 1543లో బెర్న్ నగరంలో నీటిబుగ్గ మీద నిలబెట్టిన విగ్రహానికి గంతలు భక్తిగానే కట్టారు, ధనికుడూ పేదా తేడా చూడదని. లండన్‌లో ఓల్డ్ బెయిలీ కోర్టు గోపురం మీద బంగారు పూత విగ్రహానికైతే ఇప్పటికీ గంతలు లేవు. 

మనకు గంతలంటే గాంధారి గుర్తొస్తుంది, లేదా గానుగెద్దు. గాంధారి కళ్ళు కట్టుకుంటే నూరుగురు కొడుకులు ఏమయ్యారో తెలిసిందే. గానుగెద్దు సంగతి కోర్టుకెక్కిన ప్రతివాడికీ తెలుసు. 1981లో చిరంజీవి సినిమా వచ్చింది, పేరే 'చట్టానికి కళ్ళు లేవు'. హాల్లో నా పక్కన కూర్చున్నాయన మా కక్షిదారే, పన్నెండేళ్ళ దావా. సినిమా పేరు పడగానే చప్పట్లు కొట్టాడు.

2024 అక్టోబరులో పేపర్లో చూశాను. సుప్రీంకోర్టులో కొత్త న్యాయదేవతను పెట్టారని, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు చేయించారని. గంతలు తీసేశారు. చీర కట్టారు, కిరీటం పెట్టారు. కుడిచేతిలో తక్కెడ అలాగే ఉంచి, ఎడమచేతిలో కత్తి బదులు రాజ్యాంగం పెట్టారు. మమ్మల్ని అడక్కుండా మార్చారేమిటని అక్కడి లాయర్ల సంఘం తీర్మానం కూడా చేసింది. నాకు చీర మీద తగువు లేదు. రాజ్యాంగం చేతికిచ్చినందుకు దణ్ణం పెడతాను. నా తగువు ఆ కళ్ళతోనే.

గంతలున్న రోజుల్లో నా కళ్ళారా చూసింది చెబుతాను. ఒక నూలు షావుకారు ప్రోనోటు మీద డిక్రీ తెచ్చుకుని, కోర్టు అమీనుని వెంటబెట్టుకుని ఒక నేతగాడి ఇంటికి జప్తుకు వచ్చాడు. షావుకారు తరఫున నేనూ ఉన్నాను, సిగ్గుపడుతూనే చెబుతున్నా. ఒకటే గది. గదిలో సగం గుంటమగ్గమే. పడుగు మీద సగం నేసిన చీర. నాడె ఇంకా ఆయన చేతిలోనే ఉంది. షావుకారు మగ్గం వంక వేలు చూపించి "అది రాయండి" అన్నాడు. అమీను కళ్ళజోడు సర్దుకుని "పనివాడి పనిముట్టు రాయకూడదండీ షావుకారుగారూ" అన్నాడు. 1908 నాటి సి.పి.సి., అంటే సివిల్ ప్రొసీజర్ కోడు, 60వ సెక్షను. పనిముట్లు, వంటపాత్రలు, పడకబట్టలు, ఆడమనిషి మెళ్ళో తాళి, వీటి జోలికి అప్పులవాడు పోకూడదు. నేతగాడి భార్య అప్పటిదాకా తాళి గుప్పిట్లో పట్టుకునే నిలబడి ఉంది. ఆ మాట విన్నాక వదిలింది. తెల్లదొర రాసిన చట్టానికి, గంతల వెనకనుంచి, మా వేటపాలెం మగ్గం కనపడింది!

ఇప్పుడు గంతలు తీశారు కదా, ఏం కనపడుతోంది? కింది కోర్టుల్లో పెండింగు కేసులు నాలుగు కోట్లు దాటాయి. మా రోజుల్లో వాయిదాలు లేవా? ఉన్నాయి, నేనే ఎన్ని రాయించానో! కానీ అప్పుడు బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలిచేవాడు. ఆ పిలుపుకు వేపచెట్టు కింది మనిషి ఉలిక్కిపడి లేచేవాడు. వాయిదా పడినా జడ్జిగారి మొహం చూసి వచ్చేవాడు. ఇప్పుడు ఫోన్లో నంబరు కొడితే తర్వాతి తేదీ వస్తుంది. బస్సు ఛార్జీ మిగిలిందని మనవడి వాదన. నిజమేననుకోండి. 

ఇక ఆ తక్కెడ. మా ఊళ్ళో జీడిపప్పు కొట్లో కూడా తక్కెడ కనపడదిప్పుడు, ఎర్రంకెల కాటా పెట్టారు. గ్రాము ఎక్కువైతే ఒక పప్పు తీసేస్తాడు. తక్కెడ రోజుల్లో "కాస్త మొగ్గుగా వెయ్యవయ్యా" అంటే వేసేవాడు. మొగ్గు అన్న మాటకు అర్థం మా మనవడికి తెలీదు. తక్కెడంటే వాడికి కోర్టు బొమ్మ ఒక్కటే.

అన్నట్టు ఆ కొత్త బొమ్మను ఎక్కడ పెట్టారనుకున్నారు? సుప్రీంకోర్టు జడ్జీల గ్రంథాలయంలో! కక్షిదారు అక్కడికి ఎట్టా పోతాడు? మా వేటపాలెంలోనూ గ్రంథాలయం ఉంది, సారస్వత నికేతనం, 1918 నాటిది. 1929లో గాంధీగారు వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికర్రను అక్కడే భద్రంగా దాచారు. నేతగాడైనా, జీడిపప్పు కొట్టే ఆడకూతురైనా పోయి చూడొచ్చు. పెద్దలకు నా మనవి ఒక్కటే. కళ్ళు తెరిచిన ఆ తల్లిని జిల్లా కోర్టుల్లో కూడా పెట్టండి. లోపల కాదు. గేటు దగ్గర, వాయిదాకొచ్చినవాళ్ళు కూర్చునే చెట్టు కింద పెట్టండి.