నేర్చుకుంటా సార్

ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వచ్చే రకాల్లో ‘నేర్చుకుంటా సార్’ రకం ముఖ్యమైనది. ఇతను లేని ఊరు లేదు గానీ, కీసర వైపు నుంచి వెళ్లేవాడిలో లక్షణాలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. కీసర మునేటి ఒడ్డున, హైదరాబాదు–విజయవాడ హైవే మీద ఉంది. కంచికచర్ల పక్కనే, ఇంజనీరింగ్ కాలేజీకి కొరత లేదు. పట్టా చేతికి రాగానే హైదరాబాదు బస్సు ఎక్కడమే తరువాయి.

ఇతనికి ఏం వచ్చో చెప్పడానికి అర నిమిషం చాలు. ఏం నేర్చుకోవాలనుకుంటున్నాడో చెప్పడానికే టైము కావాలి. ఆ జాబితా దారి పొడుగునా పెరుగుతుంది. బస్సెక్కేటప్పుడు జావా ఒక్కటే. చిల్లకల్లు టోల్‌గేటు దాటేసరికి పైథాన్ చేరుతుంది, కొర్లపహాడ్ దగ్గర క్లౌడ్. పంతంగిలో బండ్లు బారులు తీరితే ఆ ఖాళీలో డేటా సైన్సు కూడా పడుతుంది. అమీర్‌పేటలో దిగి, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు చూస్తూ మిగతావి నింపుకుంటాడు. టోల్‌కి డబ్బు కట్టాలి గానీ గోల్‌కి అక్కర్లేదు కదా.

వేషం సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు: ఇస్త్రీ చొక్కా, బాబాయి కొడుకు బూట్లు, ప్లాస్టిక్ ఫైలు.

అడిగే ఆయన కూడా ఒక రకమే. ఆయన ముందున్న కాగితంలో ‘నేర్చుకునే తపన’ అని ఒక గడి, దానికి అయిదు మార్కులు. ‘అయిదేళ్లలో ఏమేం నేర్చుకుందామనుకుంటున్నావ్?’ అని అడుగుతాడు. జవాబు కంఠతా వచ్చినవాడు ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. ఈయన తలాడిస్తూ అంకె వేస్తాడు. పొద్దుటి నుంచి తొమ్మిది మంది అదే జవాబు అదే వరసలో చెప్పారన్నది ఆయనకు తట్టదు.

చదివేవాళ్ల లక్ష్యాలను అమెరికా మనస్తత్వవేత్త కెరోల్ డ్వెక్ 1980ల్లో రెండుగా విడదీసింది. తనకు వచ్చని నలుగురికీ చూపించుకోవాలనేది ఒకటి, రానిది తెచ్చుకోవాలనేది రెండోది. ఇంటర్వ్యూ గదిలో చిక్కేమిటంటే, మొదటి రకంవాడే రెండోరకం మాటలు బాగా చెబుతాడు. నిజంగా తంటాలు పడి నేర్చుకున్నవాడికి గుర్తుండేవి చేసిన తప్పులు. వాటిని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

ఎప్పుడైనా పక్క కుర్చీలో కూర్చున్న టెక్నికల్ ఆయన విసుగెత్తి, ‘అవన్నీ సరేగానీ, ఈమధ్య నీ అంతట నువ్వు నేర్చుకున్నదేంటి?’ అంటే ఇతనికి నోరు పెగలదు. ఏసీ వైపు చూస్తాడు. ‘ఏం లేదు సార్’ అంటాడు. మరి ఇంటి దగ్గర ఏం చేస్తుంటావని గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఆ వరదకే నాన్న పొలంలో మోటారు మునిగింది. నందిగామ మెకానిక్కు అందరి మోటార్లూ చూసి రావాలి, ఎప్పటికొస్తాడో తెలియదు. ఇతనే విప్పి, బురద కడిగి, రోజుల తరబడి ఎండబెట్టి, బేరింగులు మార్చాడు. బిగించి స్టార్టరు నొక్కితే మోటారు ఎదురు తిరిగింది. ఫోనులో వీడియోలు చూసి, ఫేజుల్లో రెండు వైర్లు అటువి ఇటు వేస్తే నీళ్లు పడ్డాయి. ఇదంతా అయిదు నిమిషాలు చెబుతాడు, మధ్యలో ఒక్కసారి కూడా ‘సార్’ అనడు.

‘మరి ఇది రెజ్యూమేలో రాయలేదేం?’

‘అది నేర్చుకోవడం కాదు సార్, పని.’

టెక్నికల్ ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. కాగితం మాత్రం మొదటి ఆయన దగ్గరే ఉంటుంది. ‘నేర్చుకునే తపన’ గడిలో మోటారు బాగుచేసినవాడికి మూడు పడుతుంది. అంతకుముందు వచ్చి, ఏడు గోల్స్ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి వెళ్లినవాడికి నాలుగున్నర.